తోక బండి

ఆదివారం, తెల్లారగట్ల నాలుగున్నర.
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో
ఎనిమిదో రోడ్డు మేమే.
టీ కొట్టు పోలయ్య స్టవ్వు ఇంకా బుసకొట్టలేదు,
మా ఇంజన్లు కొడుతున్నాయి.

పదకొండు బళ్లు.
ముందర తవిటినాయుడి బుల్లెట్టు, ఎప్పుడూ.
ముప్పయ్యేళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి,
చెయ్యెత్తితే ఊరంతా ఆగుతుందనుకుంటాడు.
మేం ఆగుతాం.
లోకనాథం, జీడిపిక్కల ఫ్యాక్టరీ నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే,
వేళ్లకి ఇంకా జీడి నలుపు.
జెరాక్సు కొట్టు దమయంతి
హెల్మెట్‌లో జడ దూర్చడానికి మూడు నిమిషాలు,
ఆ మూడూ మా టైంటేబుల్లో ఉన్నాయి.
కొత్త గుంటడు హేమసుందర్,
బండికన్నా వాయిదాలు బరువు.
కూర్మారావు పాత సుజుకీ,
ట్యాంకు మీద రంగు పోయిన చోట
కూతురు అంటించిన సీతాకోకచిలుక.

అందరికన్నా ఆఖర్న నేను.
కమిటీ పుస్తకంలో నాకో పేరుంది గానీ
రోడ్డు మీద నా పేరు తోక.
ఎవడి గొలుసూడినా, ఎవరికి కడుపులో తిప్పినా
పక్కన ఆగాల్సింది తోక.
ఆరేళ్లుగా వీళ్ల మొహాలకన్నా
వీపులే నాకు బాగా తెలుసు.
లోకనాథం ఎడమ భుజం వాలిందంటే నిద్రొస్తున్నట్టు.
దమయంతి వీపు నిటారుగా ఉందంటే
ఇంట్లో తగువాడి వొచ్చినట్టు.

ఆమదాలవలసలో గూడ్సుబండి కనబడితే
పెట్టెలు కూడా లెక్కపెట్టేను. అలవాటు.

బూర్జ దాటేక చినుకు.
పాలకొండలో పూరీలు,
బిల్లు దగ్గర ఎప్పటి రభసే,
చందాలోంచి ఇద్దామని ఒకరు, ఎవరిది వాళ్లదని ఇంకొకరు,
ఈలోగా తవిటినాయుడు ఇచ్చేసి
నెలాఖరు దాకా దెప్పుతాడు.
కూర్మారావు రెండో ప్లేటు వొద్దన్నాడు.
చూసేను. ఏటీ అనుకోలేదు.

ఎడమకి తిరిగి, సీతంపేట ఘాటీ.
మలుపు మలుపుకీ ఎర్రదీపాలు
ఒకటి ఆరి, ఒకటి వెలిగి.
పైన ఆగి హెల్మెట్లు తీసేం.
లెక్కపెట్టేను. తొమ్మిది.
నన్ను మర్చిపోయేననుకుని కలుపుకున్నాను.
పది.

తోక వెనక ఎవరూ మిగలకూడదు.
మిగిలేరంటే
నేను చూడకుండా దాటేసేనన్నమాట.

ఎవరూ ఏమనలేదు.
తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు, అంతే.
ఒక్కణ్ణే బండి వెనక్కి తిప్పేను,
తడితారు మీద జారిన గీతలకోసం వెతుక్కుంటూ,
లోయ వేపు చూడకుండా చూస్తూ.
అనాస గంపలు మోసుకొస్తున్న సవర ఆడవాళ్లనడిగితే
నవ్వి, గెడ్డంతో కిందికి చూపించేరు.

మూడో మలుపులో, చింతచెట్టు చాటున
బండి స్టాండేసి
గట్టు మీద కూచున్నాడు కూర్మారావు,
చేతిలో అనాస ముక్క.
"ఏటయిందిరా" అన్నాను,
తిట్టాల్సినవన్నీ ఆ మాటలోనే ఇరుక్కుపోయేయి.

"రేపు బండి ఇచ్చేస్తన్నాను.
నర్సన్నపేట కుర్రాడెవడో బయానా ఇచ్చేడు.
పదేళ్లూ మీ మధ్యలోనే ఉన్నాను గదా,
మనం పోతుంటే ఎలాగుంటాదో
ఒక్కపాలీ చూళ్లేదు.
రోడ్డు పక్కన కూచుని చూద్దామని."

ఎందుకమ్ముతున్నావని నేనడగలేదు.
అతని సైలెన్సరు ఎప్పుడో చల్లబడింది,
నాదింకా టిక్కు టిక్కుమంటోంది.
కాసేపయ్యేక అడిగేను:
"అయితే ఎలాగున్నామేటి?"

ముక్క సగం విరిచి నా చేతిలో పెట్టి
ఆలోచించేడు.
"నీ ఇండికేటర్ ఆర్పలేదు నువ్వు.
పాలకొండ నుంచీ
కొట్టుకుంటూనే ఉంది."

మళ్లీ ఎక్కేటప్పుడు నన్ను ముందు పొమ్మన్నాడు.
ఆరేళ్లలో మొదటిసారి
నా వీపు ఇంకొకరి లెక్కలో ఉంది.
భుజాలెలా పెట్టుకోవాలో
తెలీలేదు.